క్యాంపు అనే మాట - బడిలో చరిత్ర పాఠం

సింధనూరు తాలూకాలో ‘క్యాంపు’ అనే మాట వింటే ఎవరూ ఉలిక్కిపడరు. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళు పారడం మొదలైన తరువాత గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చిన రైతులు పొలాల దగ్గరే ఇళ్ళు వేసుకుని స్థిరపడిన ఊళ్ళకు ఆ పేరు వాడుకలోకి వచ్చింది. తుర్విహాళ చుట్టుపక్కల తెలుగు పిల్లవాణ్ణి ‘మీదే ఊరు బాబూ’ అని అడిగితే ‘ఫలానా క్యాంపు’ అంటాడు. వాడికి ఆ మాటలో వినిపించేది వరిచేను, కాలువగట్టు, రాములవారి గుడి.

అదే తాలూకాలో ఆర్‌.హెచ్‌. క్యాంపులని వేరే ఉన్నాయి. అవి తూర్పు పాకిస్తాన్ నుంచి ఇల్లూ వాకిలీ వదులుకుని వచ్చిన బెంగాలీ కాందిశీకులకు ప్రభుత్వం పునరావాసం కల్పించిన ఊళ్ళు. ఇంకా వెనక్కు వెళితే, 1947-48లో ఈ ప్రాంతమంతా నిజాం రాజ్యంలో ఉన్నప్పుడు, సరిహద్దుకు అవతల ముండరగి, గజేంద్రగడ వంటి చోట్ల మరో రకం క్యాంపులు వెలిశాయి. రజాకార్ల మీద పోరాడడానికి ఇక్కడి యువకులు అక్కడ చేరారు. ఇక పై తరగతులకు వచ్చేసరికి ఈ పిల్లవాడికే పాఠ్యపుస్తకంలో ప్రపంచ యుద్ధాల పాఠం దగ్గర నాజీల ‘కాన్సంట్రేషన్ క్యాంపు’ ఎదురవుతుంది.

ఒకే మాటకు ఇన్ని అర్థాలున్న చోట, యూదుల మీద జరిగిన ఘోరాన్ని పిల్లలకు ఎలా చెప్పాలి? ఎక్కడో జర్మనీలో, ఎప్పుడో జరిగినది, పరీక్షకు రెండు మార్కుల ప్రశ్న - అని దాటవేయవచ్చు. చాలా బళ్ళలో జరిగేది అదే. అయితే అలా దాటవేసినందువల్ల పిల్లలు పోగొట్టుకునేది ఒక యూరపు పాఠం మాత్రమే కాదు. తమ జిల్లా చరిత్రను, తమ పక్క క్యాంపు చరిత్రను, చివరకు తెలుగువాళ్ళ సొంత చరిత్రలో ఒక అధ్యాయాన్ని అర్థం చేసుకునే సాధనాన్నే పోగొట్టుకుంటారు. ఈ వ్యాసంలో చెప్పదలచినది ఆ సంగతే.

హిట్లరు మన ఇంటి మాట ఎలా అయ్యాడు

తెలుగులో హిట్లరంటే కఠినంగా ఉండే మనిషి. ‘మా నాన్న హిట్లరు’, ‘మా హెడ్మాస్టరు హిట్లరు’ అని పిల్లలు నవ్వుతూ అనుకుంటారు. 1997లో చిరంజీవి నటించిన సినిమాకు ఆ పేరే పెట్టారు. చెల్లెళ్ళను క్రమశిక్షణలో పెంచిన అన్నయ్య కథ అది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. తెలియనితనం ఉంది. ఆ పేరు వెనక అరవై లక్షల మంది యూదుల చావు ఉందని తెలిసిన సమాజం దాన్ని ముద్దుపేరుగా వాడుకోదు.

రెండో చిక్కు స్వస్తికం. ఇంటి గడప మీద, పెళ్ళి శుభలేఖ మీద, కొత్త చిట్టా పుస్తకం మొదటి పేజీలో మనం చూసే గుర్తే నాజీల జెండా మీద కనిపిస్తే పిల్లవాడు తికమకపడతాడు. ‘వాళ్ళు మనవాళ్ళా సార్?’ అని అడగవచ్చు. నాజీలు ఆ గుర్తును 1920లో తమ జెండాకు తీసుకున్నారనీ, ‘ఆర్య’ అనే మన గౌరవ వాచకాన్ని జాతి పేరుగా మార్చి వాడుకున్నారనీ, ఆ వాడకానికీ మన వాడకానికీ సంబంధం లేదనీ ఉపాధ్యాయుడు మొదటి రోజే విడమరచి చెప్పాలి. లేకపోతే, చదివిన దానికంటే ఈ పొరపాటు పోలికే పిల్లవాడి మనసులో ఎక్కువ కాలం నిలుస్తుంది.

మూడో చిక్కు అన్నిటికంటే పెద్దది. ‘హిట్లరు ఒక పిచ్చివాడు, రాక్షసుడు, వాడే అందరినీ చంపాడు’ అని చెప్పి ముగించడం. రాక్షసుడి కథ చెప్పడం తేలిక, వినడమూ తేలిక. ఎందుకంటే మనమెవరం రాక్షసులం కాము. కాని ఒక్క మనిషి అరవై లక్షల మందిని చంపలేడు. జాబితాలు రాసిన గుమాస్తాలు, రైళ్ళు నడిపిన ఉద్యోగులు, తీర్పులు చెప్పిన న్యాయమూర్తులు, వేలంలో పొరుగువాడి బల్లలూ కుర్చీలూ చవకగా కొనుక్కున్న గృహస్థులు, ఇంతమంది కలిస్తేనే ఆ పని జరిగింది. వీళ్ళలో ఎక్కువమంది మనవంటి వాళ్ళే.

మెట్టు మెట్టుగా జరిగిన పని

1933లో జర్మనీ జనాభా సుమారు ఆరు కోట్ల డెబ్బై లక్షలు. అందులో యూదులు ఐదు లక్షలు. అంటే నూటికి ఒకరు కూడా లేరు. ఆ కొద్దిమంది వల్లనే దేశం చెడిపోతున్నదని కోట్లమందిని నమ్మించడం ఎలా సాధ్యమైందన్నదే చరిత్ర పాఠంలో అసలు ప్రశ్న.

1933 జనవరి 30న హిట్లరు ఛాన్సలరయ్యాడు. ఏప్రిల్ 1న యూదుల దుకాణాల బహిష్కారం. అదే నెల 7న యూదులను ప్రభుత్వోద్యోగాల నుంచి తొలగించే చట్టం. 25న బళ్ళలో, కళాశాలల్లో కొత్తగా చేరే యూదు విద్యార్థుల సంఖ్యకు పరిమితి. 1935 సెప్టెంబరు 15న న్యూరెంబర్గ్ చట్టాలు వచ్చి యూదుల పౌరసత్వం తీసేశాయి, ఇతరులతో వారి పెళ్ళిళ్ళను నిషేధించాయి. 1938 నవంబరు 9 రాత్రి యూదుల ప్రార్థనా మందిరాలు తగలబెట్టారు, దుకాణాల అద్దాలు పగలగొట్టారు, సుమారు 30 వేల మంది మగవాళ్ళను పట్టుకుపోయారు. వారం తిరగకుండా మిగిలిన యూదు పిల్లలను జర్మన్ బళ్ళ నుంచి వెళ్ళగొట్టారు. 1939 మే జనాభా లెక్కల్లో తాతలూ అమ్మమ్మలూ యూదులా కాదా అని ప్రత్యేకంగా ఒక కాగితం నింపించారు. 1941 సెప్టెంబరులో చొక్కా మీద పసుపుపచ్చ నక్షత్రం కుట్టుకోవాలన్నారు. 1942 జనవరి 20న బెర్లిన్ పక్కన వాన్‌సీలో అధికారులు సమావేశమై, అప్పటికే తూర్పున మొదలైన సామూహిక హత్యలను యూరపు అంతటికీ ఎలా విస్తరించాలో ఏర్పాట్లు మాట్లాడుకున్నారు.

పిల్లల చేత ఈ తేదీలు బట్టీ పట్టించనవసరం లేదు. ఒక్కొక్క మెట్టు దగ్గర ఆగి ‘ఇక్కడ ఎవరు కాదనగలిగేవారు?’ అని అడగాలి. మొదటి మెట్టు దగ్గర చాలామంది కాదనగలిగేవారు. ఆఖరి మెట్టు దగ్గర కాదన్నవాడు ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. తరగతి గదిలో కూర్చున్న పిల్లలకు దగ్గరగా అనిపించే మెట్టు కూడా ఇందులో ఉంది. నిన్నటిదాకా పక్క బల్ల మీద కూర్చున్న పిల్ల ఇవాళ బడికి రాలేదు. పంతులుగారు హాజరు పుస్తకంలో ఆ పేరు కొట్టేసి పాఠం మొదలుపెట్టారు. జర్మనీలో ఉపాధ్యాయులు దాదాపు అందరూ నాజీ ఉపాధ్యాయ సంఘంలో సభ్యులయ్యారన్నది చరిత్ర. పాఠం చెప్పే పంతులు ఈ మాట చెప్పేటప్పుడు తన వృత్తి గురించే చెబుతున్నానని గుర్తుంచుకోవాలి.

అంకెలు పెద్దవైన కొద్దీ మనసుకు అందవు. అరవై లక్షలు అంటే ఎంత? 2011 జనాభా లెక్కల ప్రకారం రాయచూరు జిల్లా జనాభా సుమారు 19 లక్షలు. తుర్విహాళ, సింధనూరు, మాన్వి, దేవదుర్గ, లింగసూగూరు, రాయచూరు - అన్నీ కలిసిన జిల్లా. అలాంటివి మూడు జిల్లాలు ఒక్క మనిషి మిగలకుండా ఖాళీ అయితే ఎలా ఉంటుందో, అది. చనిపోయినవారిలో పది నుంచి పదిహేను లక్షల మంది పిల్లలు. వారిలో ఒక్క పిల్ల పేరు మాత్రం మన పిల్లలకూ తెలుసు. ఆన్ ఫ్రాంక్ 1942 జూలై నుంచి 1944 ఆగస్టు దాకా ఆమ్‌స్టర్‌డాంలో ఒక కార్యాలయం వెనక గదుల్లో దాక్కుని డైరీ రాసుకుంది. 1945లో బెర్గెన్-బెల్సెన్ క్యాంపులో పోయింది. అప్పటికి ఆమెకు పదహారేళ్ళు నిండలేదు. అంటే మన పదో తరగతి పిల్ల వయసు.

నీళ్ళను ‘పానీ’ అనే జనం

నాజీలు చంపినది యూదులను మాత్రమే కాదు. మానసిక, శారీరక వైకల్యం ఉన్నవాళ్ళను ‘బతకడానికి తగనివాళ్ళు’ అని ముద్రవేసి ఆసుపత్రుల్లోనే చంపారు. యుద్ధం ముగిసేసరికి అలా పోయినవారు రెండు లక్షలకు పైమాటే. ఆ పని చేసినవారు డాక్టర్లు, నర్సులు. విషవాయువు గదులను మొదట వాడింది ఈ నిస్సహాయుల మీదనే.

రోమా జనం సంగతి మన పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాలి. యూరపులో జిప్సీలని పిలిచే ఈ సంచార జాతి శతాబ్దాల క్రితం మన దేశం నుంచి వలస వెళ్ళినదని వాళ్ళ భాషే చెబుతోంది. నీళ్ళను వాళ్ళు ‘పానీ’ అంటారు. నలుపును ‘కాలో’ అంటారు. రెండును ‘దుయి’, ఐదును ‘పంజ్’ అంటారు. తుర్విహాళ బడిలో లంబాణీ తండా పిల్లలూ ఉర్దూ మాట్లాడే ఇళ్ళ పిల్లలూ ఉంటారు. ఈ మాటలు వినగానే ముందు చేయెత్తేది వాళ్ళే. వారివీ రోమాలవీ ఒకే వంశమని దీనివల్ల చెప్పలేం. భాషలు ఒకే కుటుంబానివని మాత్రం చెప్పగలం.

ఆర్యజాతి గొప్పదని ఊదరగొట్టిన నాజీలు, నిజంగా ఆర్యభాష మాట్లాడే ఈ జనాన్ని అపవిత్రులని చంపారు. ఆష్‌విట్జ్‌లో రోమా కుటుంబాలు ఉన్న భాగాన్ని 1944 ఆగస్టు 2 రాత్రి ఖాళీ చేసి నాలుగు వేలకు పైగా మనుషులను గ్యాసు గదులకు పంపారు. యుద్ధకాలంలో మొత్తం ఎందరు రోమాలు పోయారన్న దానిపై అంచనాలు రెండు లక్షల నుంచి ఐదు లక్షల దాకా ఉన్నాయి. లెక్క ఇంత అటూ ఇటూగా ఉండడానికి కారణం, ఎంతోకాలం వాళ్ళ చావును లెక్కపెట్టడానికి ఎవరూ శ్రమపడకపోవడమే.

పుట్టుకతో మనిషి మీద ముద్రవేసి జాబితాలో రాసుకోవడం మనకు తెలియని పని కాదు. 1871లో బ్రిటిషు ప్రభుత్వం ‘నేరస్థ జాతుల చట్టం’ తెచ్చింది. 1911 తరువాత మద్రాసు రాజధానిలో ఎరుకల మొదలైన కులాల వాళ్ళను నమోదు చేశారు. తప్పు చేసినా చేయకపోయినా, ఆ కులంలో పుట్టినవాడు పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా ఏర్పడిన సెటిల్‌మెంటే. 1952లో చట్టం రద్దయినా ఊరి పేరు మీద మచ్చ పోలేదు. ఆ ఊరి పేరు సినిమాలకెక్కింది కూడా దొంగల ఊరుగానే. ఇది జాతి సంహారం కాదు. అయితే జాతి సంహారానికి దారితీసే నిచ్చెనలో మొదటి మెట్టు ఇలాంటిదే అయి ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

మాటను తూచి వాడడం

మన పత్రికల్లో పదిమంది చనిపోయినా ‘మారణహోమం’, రెండు వందల మంది చనిపోయినా ‘మారణహోమం’ అని రాస్తారు. హోమం అంటే దేవుడికి అర్పించేది. గ్రీకులో ‘హోలోకాస్ట్’ అనే మాటకూ పూర్తిగా దహించిన బలి అనే అర్థం. చంపబడినవాళ్ళు ఎవరికీ అర్పణ కాదు కనుక చాలామంది యూదులు ఆ మాటకు బదులు ‘షోవా’ అంటారు. అంటే మహా విపత్తు అని. మనకు ‘ఊచకోత’ అనే మాట ఉంది. కంకులు కోసినట్టు మనుషులను కోయడం. రైతు పిల్లవాడికి అది విడమరచనవసరం లేదు.

చట్టపరంగా వాడే ‘జెనోసైడ్’ అనే మాటను 1944లో పుట్టించినవాడు రాఫేల్ లెమ్‌కిన్. ఆయన పోలండు యూదు న్యాయవాది. 1915లో తుర్కులు ఆర్మీనియన్లను లక్షల్లో చంపిన ఉదంతం విన్న విద్యార్థి దశ నుంచి ఆయనను ఒక ప్రశ్న వేధించింది. ఒక మనిషిని చంపితే నేరమైనప్పుడు లక్షల మందిని చంపిన ప్రభుత్వం ఎందుకు దోషి కాదు? ఆయన సొంత బంధువులు నలభై తొమ్మిది మంది నాజీల చేతిలో పోయారు. ఆయన పట్టుదల ఫలితంగా 1948 డిసెంబరు 9న పారిస్‌లోని షాయో భవనంలో ఐక్యరాజ్య సమితి జెనోసైడ్ ఒడంబడికను ఆమోదించింది. ఒక జాతిని, తెగను, మతవర్గాన్ని పూర్తిగా గాని కొంత గాని నాశనం చేయాలన్న ఉద్దేశంతో చేసే హత్యలు, హింస దాని నిర్వచనం. ‘ఉద్దేశం’ అనే మాట అందులో కీలకం. మన దేశం 1949లో సంతకం చేసి 1959లో ధ్రువీకరించింది.

అదే సంవత్సరం, అదే పారిస్ నగరంలో మరో సంగతి భద్రతా మండలి ముందుకు వచ్చింది. 1948 సెప్టెంబరు 16న మండలి చర్చకు తీసుకున్న అంశం హైదరాబాదు. అంటే మన రాయచూరు అప్పుడున్న రాజ్యం.

మన జిల్లా పేజీ

1948లో రాయచూరు జిల్లా హైదరాబాదు సంస్థానంలో భాగం. ఇప్పుడు తెలంగాణలో ఉన్న గద్వాల, అలంపురం కూడా 1956 దాకా ఈ జిల్లాలోవే. కాబట్టి ఈ కథ కన్నడిగులదీ, తెలుగువారిదీ, ఉర్దూ మాట్లాడేవారిదీ.

ఆ కథలో మొదటి సగం బడిలో చెబుతారు. లాతూరు వకీలు ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు ఊళ్ళ మీద పడ్డారు. బీదరు జిల్లా గోరటాలో 1948 మే నెలలో, వరంగల్లు ప్రాంతం భైరాన్‌పల్లిలో ఆగస్టు 27న ఊచకోతలు జరిగాయి. భైరాన్‌పల్లిలో ఒక్కరోజున సుమారు వందమందిని కాల్చి చంపారు. సెప్టెంబరు 13న భారత సైన్యం నాలుగు వైపుల నుంచి, హోస్పేట దగ్గర తుంగభద్ర దాటి కూడా, సంస్థానంలో ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. ఏటా ఆ రోజున ఈ ప్రాంతంలో, ఇప్పుడు కల్యాణ కర్ణాటకమని పిలుస్తున్న జిల్లాలన్నిటిలో, జెండా ఎగరేస్తారు. ఎగరేయాలి కూడా.

రెండో సగం చెప్పరు. సైన్యం వచ్చిన రోజుల్లోనూ, ఆ తరువాతా అనేక జిల్లాల్లో ముస్లింల మీద దాడులు జరిగాయి. రజాకార్లలో చేరనివాళ్ళు, రజాకార్లంటే భయపడినవాళ్ళు, పొలం పనులు చేసుకునేవాళ్ళు, నేతపని వాళ్ళు - మతం ఒక్కటే కారణంగా చనిపోయారు. ప్రధాని నెహ్రూ కోరిక మీద పండిత సుందర్‌లాల్, హైదరాబాదులో ‘పయామ్’ పత్రిక స్థాపించిన ఖాజీ అబ్దుల్ గఫార్ ప్రభృతులతో ఒక బృందం 1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 దాకా సంస్థానంలో తిరిగింది. పదహారు జిల్లాల్లో తొమ్మిదింటిని చూసింది. తక్కువలో తక్కువ వేసుకున్నా 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని నివేదిక ఇచ్చింది. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నాయని రాసింది. గుల్బర్గా అప్పట్లో మన పొరుగు జిల్లా. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. దశాబ్దాల తరువాత, 2013 నాటికి గాని దిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో చదివే వీలు కలగలేదు.

బృందం ఈ తేదీల్లో ఊరూరా తిరిగి వితంతువులతో మాట్లాడుతున్న సమయంలోనే పారిస్‌లో జెనోసైడ్ ఒడంబడిక ఆమోదం పొందింది. రెండింటినీ ఒకే గాట కట్టడం నా ఉద్దేశం కాదు. హైదరాబాదులో జరిగినదాన్ని నాజీల పథకంతో సమానం చేయడం తప్పు. అక్కడ ఒక రాజ్యం మొత్తం ఒక జాతిని భూమ్మీద లేకుండా చేయాలని పూనుకుంది. ఇక్కడ ప్రధాని స్వయంగా విచారణకు మనుషులను పంపాడు. తేడా చెప్పాలి. తేడా ఉందన్న సాకుతో మౌనం మాత్రం వహించకూడదు. విచారణ చేయించి, వచ్చిన జవాబును బీరువాలో పెట్టి తాళం వేయడం ఎలాంటి పనో కూడా పిల్లలు ఆలోచించవచ్చు.

ఆ నివేదికలోనే మరో సంగతి ఉంది. చాలాచోట్ల హిందువులు తమ ప్రాణాలకు తెగించి ముస్లిం పొరుగువారిని కాపాడారు. ముఖ్యంగా ఒకే వృత్తి చేసేవాళ్ళ మధ్య ఆ అభిమానం ఎక్కువగా కనిపించిందని, హిందూ నేతగాళ్ళు ముస్లిం నేతగాళ్ళకు అడ్డంగా నిలబడ్డారని రాశారు. అంతకు ముందు నెలల్లో రజాకార్లను ఎదిరించి రాసినందుకు చంపబడిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముస్లిం. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చెబితే తరగతిలో ఏ పిల్లవాడూ తల దించుకోనవసరం లేదు, ఏ పిల్లవాడూ రొమ్ము విరుచుకోనవసరమూ లేదు. సాహిత్యం ఇందుకు తోడ్పడుతుంది. నెల్లూరి కేశవస్వామి ‘యుగాంతం’ కథ పోలీసు చర్య నాటి హైదరాబాదును మనుషుల వైపు నుంచి చూపించింది. పై తరగతి పిల్లల చేత అది చదివించవచ్చు.

‘మేము వచ్చింది ఆనకట్ట కట్టిన తరువాత, 1948 మా కథ కాదు’ అని మన క్యాంపుల్లో కొందరు అనుకోవచ్చు. యుద్ధం తరువాత పుట్టిన జర్మన్ పిల్లలూ అదే అనగలిగేవారు. నేరం వాళ్ళది కాదు, నిజమే. కాని తాము కాపురముంటున్న నేల కథ తెలుసుకోవడం నేరం ఒప్పుకోవడం కాదు. ఈ నేల అన్నం తింటున్నవాడికి దీని చరిత్ర కూడా దక్కుతుంది, మంచీ చెడూ రెండూ.

మనమే మైనారిటీ అయిన చోట

తెలుగువాళ్ళు బాధితులైన అధ్యాయం కూడా ఉంది. అది బర్మాలో జరిగింది. 1931 జనాభా లెక్కల్లో రంగూను నగరంలో సగానికి పైగా భారతీయులే. రేవులో మూటలు మోసేవాళ్ళలో తెలుగువారు ఎక్కువ. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కినందుకు వాళ్ళను ‘కోరంగీలు’ అనేవారు. రేవు పేరు క్రమంగా తిట్టయింది. 1930 మేలో వాళ్ళు కూలి పెంచమని సమ్మె చేస్తే కంపెనీలు బర్మా కూలీలను తెచ్చాయి. సమ్మె తీరి వాళ్ళను తీసేసినప్పుడు కొట్లాట మొదలై నగరమంతా కోరంగీల వేటగా మారింది. వందమందికి పైగా చనిపోయారని అధికార లెక్కలే చెబుతాయి. ఆకలితో ఉన్న ఇద్దరు కూలీలను ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పిన యజమానులకు మాత్రం గీత పడలేదు.

1942లో జపాను సేనలు వచ్చినప్పుడు నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా విడిచారు. చాలామంది అరకాను దారిన, మణిపురం అడవుల దారిన కాలినడకన వచ్చారు. వేలమంది దారిలోనే రాలిపోయారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చింది, 1964లో దుకాణాలు జాతీయం చేసింది. ఆ తరువాత లక్షల మంది దాదాపు కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ ఉంది. చూశారా, క్యాంపు అనే మాట మళ్ళీ వచ్చింది.

ఆ దేశంలోనే 1982లో వచ్చిన పౌరసత్వ చట్టం రోహింగ్యాలను పరాయివాళ్ళను చేసింది. ఒకప్పుడు తెలుగు కూలీలను పిలిచిన ‘కలా’ అనే తిట్టుతోనే వాళ్ళనూ పిలిచారు. 2017 ఆగస్టు తరువాత ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. 2020 జనవరి 23న అంతర్జాతీయ న్యాయస్థానం, లెమ్‌కిన్ సాధించిన ఆ ఒడంబడిక కిందనే, వాళ్ళను కాపాడాలని మయన్మారును ఆదేశించింది. వాళ్ళలో కొన్ని కుటుంబాలు హైదరాబాదు బాలాపూరులో తలదాచుకున్నాయి.

మన తాలూకాలోని బెంగాలీ క్యాంపుల పెద్దలు వదిలివచ్చిన నేల మీద 1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఊచకోత మొదలుపెట్టింది. ఢాకా విశ్వవిద్యాలయంలో హిందూ విద్యార్థులుండే జగన్నాథ హాలు మీద ఆ రాత్రే కాల్పులు జరిపింది. ఆ సంవత్సరం కోటిమంది మన దేశంలోకి వచ్చారు. ఇంత చరిత్ర పొరుగున పెట్టుకుని, పిల్లలకు ఆష్‌విట్జ్ ఫోటో ఒక్కటి చూపించి పాఠం ముగించడం న్యాయం కాదు.

బడిలో ఏం చేయవచ్చు

మొదటిది, మనుషులతో మొదలుపెట్టాలి, శవాలతో కాదు. యూదులు చంపబడినవాళ్ళుగానే పిల్లలకు పరిచయం కాకూడదు. ఎంతోకాలం మన ఆకాశవాణి కేంద్రాలు తెల్లవారుతూనే వినిపించిన ఆ గుర్తు రాగం కట్టిన వాల్టర్ కౌఫ్‌మన్, 1934లో ప్రాగ్ నుంచి బొంబాయికి తరలివచ్చిన యూదు సంగీతజ్ఞుడు. కొచ్చిలో, బొంబాయిలో యూదులు శతాబ్దాలుగా ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే ఒక చిన్న సమాజం తమను యూదులుగా చెప్పుకుంటూ ఆ మతాచారాలు పాటిస్తోంది.

రెండవది, ‘నువ్వు నాజీవి, నువ్వు యూదువి’ అని పిల్లల చేత ఆటలు, నాటికలు వేయించకూడదు. పిల్లలు కొట్టడాన్నే నేర్చుకుంటారు, కొట్టబడిన పిల్ల ఇంటికి వెళ్ళి ఏడుస్తుంది.

మూడవది, కాపాడినవాళ్ళను చెప్పాలి, అయితే వాళ్ళే ఎక్కువమంది అన్నట్టు చెప్పకూడదు. 1943 అక్టోబరులో డెన్మార్క్ ప్రజలు ఏడు వేల మందికి పైగా యూదులను చేపల పడవల్లో స్వీడన్ చేర్చారు. ఒక దేశం అంతా పూనుకుంటే సాధ్యమేనని తెలుస్తుంది. మిగతా దేశాలు ఎందుకు పూనుకోలేదన్న ప్రశ్న దానంతటదే వస్తుంది.

నాలుగవది, ఇంటి పెద్దలను అడిగి రాసుకురమ్మనాలి. మీ తాతగారు ఈ ఊరికి ఎందుకు వచ్చారు? నీళ్ళ కోసమా, భయం వల్లనా? వచ్చినప్పుడు ఎవరు అన్నం పెట్టారు? తెలుగు క్యాంపు పిల్లవాడి జవాబు, బెంగాలీ క్యాంపు పిల్లవాడి జవాబు, తరతరాలుగా తుర్విహాళలోనే ఉన్న కన్నడ, ఉర్దూ కుటుంబాల పిల్లల జవాబు ఒకే తరగతిలో పైకి చదివించాలి. ఎవరి ఇంట్లోనైనా చెప్పడానికి ఇష్టపడకపోతే బలవంతపెట్టకూడదు. చెప్పలేని దుఃఖం కూడా చరిత్రే.

ఈ పని బడికే వదలడం కుదరదు. మన పిల్లలు బడిలో కన్నడంలోనో ఇంగ్లీషులోనో చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. బడిలో చదివిన కష్టమైన సంగతి ఇంటి భాషలో మరోసారి చెబితే గాని లోపలికి దిగదు. మనం ఇక్కడ భాషలో కొద్దిమందిమే గాని, భూమీ పుట్రా ఉన్న కొద్దిమందిమి. మన పొలానికి కూలికి వచ్చినవాణ్ణి, అతని మతం పేరుతోనో, అతని దేశం పేరుతోనో, అతని తండా పేరుతోనో కాకుండా సొంత పేరుతో పిలుస్తున్నామా లేదా అన్నది పిల్లలు రోజూ చూస్తారు. బడిలో ఎంత మంచి పాఠం చెప్పినా, దాన్ని నిలిపేదీ చెరిపేదీ ఆ పిలుపే.